డిస్కు లేదన్న శుక్రవారం

గల్ఫులో సెలవు శుక్రవారం కాబట్టి, అమలాపురంలో నా నెట్ సెంటర్‌కి కూడా తిరునాళ్ళ రోజు అదే. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని, పిల్లలకి పౌడరు దట్టించి, వెబ్‌క్యామ్ ముందు ఫోటో స్టూడియోలో లాగా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. ఇది కదిలే బొమ్మేనమ్మా, కాస్త కదలండి అని ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు కాదు.

సెంటర్ నాది, అందులో టెక్కు కూడా నాదే. విండోస్‌కి బదులుగా వాడే లినక్స్ పేరెత్తితే చాలు, పూనకం వచ్చినట్టు మాట్లాడేదాన్ని. ఒక గురువారం సాయంత్రం ఎవరో తెచ్చిన సీడీలోంచి వైరస్ ఎక్కి, కెమెరా ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్లో విండోస్ చచ్చి కూర్చుంది. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. నాకు మాత్రం లోపల పండగే. ఒక్కో ముక్కా నా చేత్తో పేర్చి ఆ మెషిన్లో లినక్స్ నిలబెట్టాలని ఎన్నాళ్ళ కోరికో! శుక్రవారం పొద్దున్న ఆరింటికే షట్టర్ ఎత్తేశాను.

తొమ్మిదిన్నరకి ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక అమ్మాయి, ఆవిడ మావగారు వచ్చారు. అమ్మాయి చేతుల్లో మూడు నెలల పాప. పాప తండ్రి మస్కట్‌లో పని చేస్తున్నాడు, కూతుర్ని ఇంకా చూడలేదు. పదకొండింటికి స్నేహితుడు తన కంప్యూటర్ ఒక గంట ఇస్తానన్నాడట.

"ఈ వారానికి కష్టమమ్మా. వచ్చే శుక్రవారం రండి," అన్నాను తెర మీంచి చూపు తిప్పకుండానే.

"రేపట్నించి ఎడారిలో క్యాంపండి. ఆర్నెల్లదాకా ఫోను కూడా సరిగా అందదంటండి," అంది ఆ అమ్మాయి.

నా పండగ కాస్తా చల్లారింది. బుద్ధిగా విండోస్ మళ్ళీ వేసేసి ఉంటే ఈపాటికి అయిపోయేది. మిగతా సెంటర్లకి పంపుదామంటే శుక్రవారం ఎక్కడా కుర్చీ దొరకదు. సిగ్గేసింది.

సంగతేమిటంటే, ముందు నా దగ్గరున్న లినక్స్ సీడీతో మెషిన్ లేస్తుంది. దాని మీదే కెమెరా నడిపిద్దామంటే మెమరీ చాలక బొమ్మ కదలదు. అందుకని దాని సాయంతో హార్డ్‌డిస్కులో కొత్త లినక్స్ పేర్చాలి. కెమెరాకీ చాటింగ్‌కీ కావలసినవన్నీ అప్పటికే పేర్చేశాను. ఇక సీహెచ్ రూట్ అనే కమాండు కొడితే, కొత్తదాని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నట్టే. అక్కడ కూర్చుని, మెషిన్ తనంతట తాను లేవడానికి బూట్ లోడర్ పెట్టాలి. పెట్టబోయాను. డిస్కు లేదంది.

మళ్ళీ కొట్టాను. లేదంది. ఒళ్ళు మండిపోయింది.

"డిస్కులోనే కూర్చుని డిస్కు లేదంటుందేవిటండీ ఇది!" అని పైకే అరిచాను.

మావగారికి రొయ్యల చెరువులున్నాయి. ఆయన తాపీగా, "మా పాలేరూ ఇంతేనండి మేడంగారూ. కొత్త చెరువుకి గట్లేసేం, తూము పెట్టేం. అయినా నీళ్ళు రాలేదంటాడు. తూముకి తలుపుందారా అంటే, ఉందిగదండీ అంటాడు. ఉంటే సరాండీ, ఎత్తాలి గానీ!" అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. కమాండ్లన్నీ వరసగా రాసుకున్న నా నోటుబుక్కులో మూడు లైన్లు దాటేశాను! డెవ్, ప్రాక్, సిస్ అనే డైరెక్టరీలు కొత్త లినక్స్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. ఉన్నాయి కదా, మళ్ళీ మౌంట్ చెయ్యడమెందుకనుకున్నాను. ఉన్నవి పేర్లే, లోపల దాదాపు ఖాళీ. డిస్కులాంటి పరికరాలు కనిపించేది డెవ్‌లో. నడుస్తున్న సిస్టమ్ సంగతులు తెలిసేది మిగతా రెండిట్లో. అవన్నీ సీడీ లినక్స్ దగ్గరే ఉండిపోయాయి.

కొత్త లినక్స్ తలుపు తీసుకుని బయటికొచ్చి ఆ మూడు లైన్లూ కొట్టాను. అవేవీ కొత్తవి సృష్టించవు. బయట ఉన్నవాటినే లోపల కూడా కనిపించేలా చేస్తాయి, అంతే. మళ్ళీ లోపలికెళ్ళి డెవ్‌లో ఏముందో చూపించమన్నాను. తెర నిండా పేర్లు! మళ్ళీ బూట్ లోడర్ పెట్టాను. కిక్కురుమనకుండా పెట్టించుకుంది.

"వచ్చేసిందండీ!" అని కుర్చీలోంచి గెంతాను.

"నీళ్ళాండీ?" అన్నారు మావగారు.

"ఆయ్, నీళ్ళేనండీ!"

సీడీ తీసేసి రీస్టార్ట్ కొట్టాను. పదకొండుకి పది నిమిషాలుంది. తెర నల్లగా అయిపోయి ఎంతకీ కదలదే! అప్పుడు మొదటి అక్షరాలు పడ్డాయి, వాటి వెనకే ఇంకొన్ని, ఆపైన తెర నిండా పరుగు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ అమ్మాయి భుజాలు పట్టుకుని ఊపేశాను కూడా.

పదకొండు దాటిన అయిదు నిమిషాలకి తెర మీద పాప తండ్రి కనిపించాడు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన గదిలో ఉండేవాళ్ళందర్నీ వెనకాల నిలబెట్టుకున్నాడు. తీరా చూస్తే మా పాప నిద్రపోయింది.

అమ్మాయి కంగారుగా దాని బుగ్గలు తట్టింది. మావగారు చిటికెలు వేశారు. నేను బల్ల మీద దరువేశాను. "కళ్ళు చూపించాలండీ, అచ్చం ఆయన కళ్ళేనండీ," అంటోంది అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"లేపకే," అన్నాడతను స్పీకర్లోంచి. "ఫోన్ చేసినప్పుడల్లా దాని ఏడుపే కదా వింటున్నాను. పడుకోనీ, చూస్తాను."

వెనక నిలబడ్డవాళ్ళని మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ గంటసేపూ అక్కడ వాళ్ళూ ఇక్కడ మేమూ గుసగుసగానే మాట్లాడుకున్నాం.