నడుం బెల్టుకు పీటముడి

మొన్న శనివారం పొద్దున పక్కింటి తెలుగువాళ్ళ అమ్మాయి వచ్చి బెల్ కొట్టింది. తన హైస్కూల్లో ఆడపిల్లలకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్ పెట్టారట, ఎగబడి వచ్చినవాళ్ళలో సగం మందిని వెనక్కి పంపేశారట, తనకి చోటు దొరికిందట. "ఆంటీ, అక్క ఆడింది కదా కాలేజ్‌లో, తన బెల్ట్ ఉందా? నాకు కావాలి ప్రాక్టీస్‌కి" అంది. చూస్తానుండమని గరాజ్‌లోకి వెళ్ళాను. పాత అట్టపెట్టె అడుగున దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకుని, పక్కనున్న సోనా మసూరి బస్తా మీద కూర్చున్నాను.

మా అమ్మాయి ఆడిన రోజుల్లో ఆడపిల్లలకి ఇలాంటి ఆట ఒకటుందనే చాలామందికి తెలీదు. మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌లాగా మీదపడి కుమ్ముకోవడం ఉండదు. ఒక్కొక్కరి నడుముకీ క్లిప్పు బెల్టు, దానికి వేలాడే గుడ్డ పట్టీలు. బంతి పట్టుకుని పరుగెత్తేదాని పట్టీ అవతలివాళ్ళు లాగితే బెల్టు ఊడి వస్తుంది, పరుగు అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో తల వంచుకుని తిని తన గదిలోకి పోయే పిల్ల, గ్రౌండ్‌లో దిగితే గొంతు చించుకుని అరిచేది. ఆ టీమ్ కోసమే పెద్ద యూనివర్సిటీలో వచ్చిన కంప్యూటర్ సీటు వదులుకుని, ఇంటికి దగ్గర్లో ఉన్న ఓ చిన్న కాలేజీలో చేరింది. మా ఆయన నెల్లాళ్ళు దానితో మాట్లాడలేదు. ఎవరింటికైనా డిన్నర్‌కి వెళ్ళి, అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే, "ఏదో స్పోర్ట్స్ అండీ" అని పప్పు వడ్డించుకునే వంకతో లేచిపోయేవారు.

ఆ కాలేజీకి అదే మొదటి సీజన్. లైబ్రరీలో పనిచేసే ఒకావిడే కోచ్. ఒక్క మ్యాచ్ అయినా గెలిస్తేనే వచ్చే ఏడు టీమ్ ఉంటుందని పైవాళ్ళు ముందే చెప్పేశారట. అబ్బా, ఏం ఓటములవి! మిషిగన్ వసంతం సంగతి తెలిసిందే కదా, ఏప్రిల్‌లో కూడా మంచే. ఆ మంచులో దుప్పట్లు కప్పుకుని కూర్చుని, ఊరు ఊరూ తిరిగి మా పిల్లలు ఓడిపోవడం చూశాం. ఒక్క పాయింటు చేస్తే ఒట్టు. చూస్తుండగానే ఆఖరి మ్యాచ్ మిగిలింది.

అప్పటికి మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. ఆ ఆట మాత్రం సుతరామూ నచ్చేది కాదు. "ఇదేం చోద్యమే అమ్మాయ్! ఆడపిల్ల నడుముకి కట్టుకున్నది పదిమందిలో లాగేయడమేంటే, సిగ్గూ శరం లేకుండా!" అని పట్టీ ఊడినప్పుడల్లా కళ్ళు మూసుకునేవారు. ఆ ఆఖరి మ్యాచ్ మధ్యలో విరామం ఇచ్చినప్పుడు పిల్ల వేడినీళ్ళ కోసం మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను ఫ్లాస్కు వంచుతున్నాను, అది కోచ్ చెప్పేది వింటోంది. అత్తగారు వెనకనుంచి మనవరాలి చొక్కా సర్ది, క్లిప్పు దగ్గర వేలాడుతున్న బెల్టు కొసల్ని కలిపి గట్టిగా పీటముడి వేసేశారు. పరికిణీ బొందు కట్టి బడికి పంపినంత మామూలుగా చేశారు కాబట్టి, పిల్లకీ తెలీలేదు, నాకూ తెలీలేదు.

అటూ ఇటూ సున్నా. ఆట ముగియబోతుండగా బంతి మా పిల్ల చేతిలో పడింది. ఇక చూడండి దాని పరుగు! అవతలి అమ్మాయి వెనకనుంచి పట్టీ అందుకుని లాగింది. ఊడలేదు. ఆ అమ్మాయి పట్టీ పట్టుకుని వేలాడుతూ నాలుగడుగులు వచ్చి బోర్లా పడింది. మా పిల్ల పాయింట్లు వచ్చే గీత దాటేసింది. ఏడాదంతా బిగుసుకుని ఉన్న మా ఆయన కుర్చీ తన్నేసి, "దట్స్ మై గర్ల్!" అని అరిచారు. విజిల్ మోగింది. రెఫరీ వచ్చి, మా పిల్ల బెల్టు లాగి చూసి, ముడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో అతనికి ఆ ముడి విడలేదు. ఇంతలో ఏముంది, చీర మీద కోటూ కాళ్ళకి స్నీకర్లతో మా అత్తగారు గ్రౌండ్‌లోకి నడిచేశారు. "బాబూ, పిల్ల తప్పేం లేదు నాయనా! నేనే కట్టాను, నేనే విప్పుతాను, ఆగు" అని ఆ తెల్లాయనకి తెలుగులో దణ్ణం పెట్టారు. ఎవరో ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చారు. కోచ్ కత్తెర తెచ్చి బెల్టు కోసేసింది. బెల్టుకి ముడి వేస్తే మోసం కింద లెక్కట, పాయింట్లు కొట్టేశారు, పిల్లని బయటికి పంపేశారు. మిగిలిన కాస్త సమయంలో అవతలివాళ్ళు గెలిచేశారు.

ఇంటికి వస్తుంటే కార్లో అత్తగారే, "అమ్మడూ, నా మూలానేనా?" అన్నారు. "కాదు నానమ్మా. మేము బాగా ఆడలేదు, అంతే" అంది పిల్ల, కిటికీ వైపు తిరిగి. దాని భుజాలు కదులుతూనే ఉన్నాయి. టీమ్ తీసేశారు. అది కాలేజీ మారింది, చదువు పూర్తి చేసింది, ఉద్యోగంలో చేరింది. మా ఆయన కోరుకున్నవన్నీ వరసగా జరిగాయి, ఇంట్లో ఒక్కరికీ సంతోషం లేదు. అత్తగారు ఊరెళ్ళాక ఫోన్ చేసినప్పుడల్లా, "ఆడుతోందా?" అని అడిగేవారు. ఆడుతోందండీ అనేదాన్ని. ఆవిడ నమ్మలేదని నాకు తెలుసు. పోయే ముందు వారం కూడా అదే అడిగారు.

కోసేసిన ఆ బెల్టే మొన్న గరాజ్‌లో నా ఒళ్ళో ఉంది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. గోళ్ళతో పీకి చూశాను, రాలేదు. మా పిల్లకి ఫోన్ చేసి, పక్కింటి చెల్లి ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరిందట, మ్యాచ్‌లు మొదలయ్యాక చూడ్డానికి వస్తావా అన్నాను. "వద్దమ్మా. నేను అవన్నీ చూడను ఇప్పుడు" అని మీటింగ్ ఉందంటూ పెట్టేసింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయితో దొరకలేదమ్మా అని చెప్పి పంపేశాను. అది మెట్లు దిగి వాళ్ళ లాన్ మీదుగా పరుగెత్తింది, అచ్చం మా పిల్లలాగే, వెనక్కి చూడకుండా. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నాకైతే అలా కనబడలేదు; కాలం, మా పిల్ల ఆగిపోయిన చోటునుంచి ఇంకో పిల్లని పరుగెత్తించుకుంటూ తన దారిన తాను పోయింది.