క్లిఫ్ దగ్గిన చోట

ఎనిడ్ హార్‌గ్రీవ్స్ చెయ్యి పడిన బట్టలో చిల్లు ఎక్కడుండేదో కనిపెట్టినవాడు కీత్లీ ఊళ్లో ఇంతవరకు లేడు. పదిహేనో ఏట ఉన్ని మిల్లులో చేరి ముప్పై ఏళ్లు అదే పని చేసింది. మగ్గం దిగిన బట్టను వెలుతురుకు పట్టి చూడటం, పోగు జారిన చోటల్లా సూదితో కొత్త పోగు పోసి కలిపెయ్యడం. చిల్లు ఉన్న బట్ట గడప దాటకూడదు, కలిపినట్టు కనబడనూ కూడదు. అది ఆ మిల్లులో వేదవాక్కు.

మిల్లు మూతపడ్డాక ఆమెకు పేరు నిలిచింది మాత్రం ఇంకోదాని వల్ల. ఆమె పడుచుతనంలో టీవీలో ‘తొమ్మిదో నౌక’ అని ఒక సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య దారి తప్పిన ఓడ, అందులో నలభై మంది. చూపించినవాళ్లు ఆ తర్వాత రీళ్లన్నీ చెరిపేసి, వాటి మీద గుర్రప్పందేలు ఎక్కించుకున్నారు. ఎవరి విలువలు వాళ్లవి. వీడియోలు లేని ఆ రోజుల్లో ఎనిడ్ టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి, మొగుడు క్లిఫ్‌ను కిక్కురుమనకుండా కూర్చోబెట్టి, ప్రతి భాగమూ పట్టింది. తర్వాత ఒక్కో మాటే విని టైపు కొట్టి పుస్తకం చేసింది. ఇప్పుడు ఆ సీరియల్లో ఎవరేమన్నారో తెలియాలంటే ఆ పుస్తకమే దిక్కు.

నెలకో శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడగదిలో అభిమానులు పాతికమంది చేరతారు. టీ, అల్లం కేకు, పోట్లాట. పోట్లాట ఎప్పుడూ రెనిక్ గురించే. ఓడలో తలుపులు మరమ్మతు చేసే మనిషి రెనిక్. తన వాటా రొట్టె పిల్లలకు పంచిపెట్టేవాడు. అలాంటివాడు చివరి భాగంలో, బయటి తలుపు తెరుచుకుని పదకొండు మంది శూన్యంలోకి కొట్టుకుపోతే, ‘తలుపు తీసింది నేనే’ అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఓడవాళ్లు అతన్ని ఒక బండరాతి గ్రహం మీద దింపేసి పోయారు. సీరియల్ అక్కడితో సరి.

ఆ పాపానికి, సంఘం పెట్టిన ముప్పై రెండేళ్లుగా, ఏటా వసంతంలో అతని బొమ్మను మేడమెట్ల మీంచి కిందికి విసురుతారు. బొమ్మ అల్లేది ఎనిడే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, విసిరిన పెద్దమనుషులే గబగబా కిందికి దిగి, బొమ్మను దులిపి, ఎవరింటికి పట్టుకెళ్లాలో చీట్లు వేసుకుంటారు.

“చెడ్డోడైతే ఎప్పుడో మర్చిపోదును. అంత మంచోడు ఆ పని చెయ్యడమే నాకు మింగుడుపడట్లేదు” అంటాడు నెవిల్. సంఘానికి అధ్యక్షుడు, బస్సు డ్రైవరు, తిట్టడంలో అందరికంటే ముందుండేవాడు.

ఆ ఏడు రెనిక్ వేషం వేసిన డెస్మండ్ పైక్‌నే పిలిచారు. ఆ సీరియల్ తర్వాత ఆయనకు వేషాలు రాలేదు. విట్బీలో మేకులు, తాళాలు అమ్మే కొట్టు పెట్టుకుని బతికాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. కుర్చీలో కూర్చున్నాడో లేదో, నెవిల్ పట్టుకున్నాడు.

“ముప్పై రెండేళ్లుగా నన్ను తినేస్తున్న ప్రశ్నండీ. రెనిక్ ఎందుకు తీశాడా తలుపు?”

“వాడు తియ్యలేదుగా” అన్నాడు డెస్మండ్. “కెప్టెన్ కూతురు తీసింది, ఆడుకుంటూ. వాడు ఆ పిల్లతో అంటాడు, ‘తలుపు తీసింది నేనే అనుకోనీ’ అని. అదే కదా చివరి మాట.”

గదిలో నవ్వులు.

“‘అనుకోనీ’ లేదండీ” అన్నాడు నెవిల్ మెత్తగా, పుస్తకం తెరిచి. “చివరి భాగం, నలభై ఏడో పేజీ. ‘తలుపు తీసింది నేనే.’ చుక్క.”

“నేనన్న మాటే నాయనా అది.”

“మీరన్నదే. కానీ నలభయ్యేళ్లయింది కదా.”

అన్న మనిషి ఎదురుగా ఉంటే పుస్తకం చూపించి కాదనడం అభిమానులకే చెల్లింది. డెస్మండ్ ఆ పేజీని చాలాసేపు చూశాడు.

“అయితే ఇదీ పోయిందన్నమాట” అన్నాడు. “ఈమధ్య పేర్లు పోతున్నాయి. మొన్న మా వీధే మర్చిపోయాను. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా ఉందనుకున్నాను.”

టీ పోస్తున్న ఎనిడ్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నలభై ఏడో పేజీ సంగతి ఆమెకు తెలుసు. టేపులో సరిగ్గా అక్కడే క్లిఫ్ దగ్గాడు. మిల్లు బాయిలర్ గదిలో పనిచేసి బొగ్గుదుమ్ము పట్టేసిన ఛాతీ అది, ఎంతసేపని ఆపుకుంటాడు? ఇరవైసార్లు వెనక్కి తిప్పి విన్నా దగ్గు కింద మాట అందలేదు. చిల్లు వదిలెయ్యడం ఆమెకు చేతకాదు. ఆ కొసా ఈ కొసా కలిపి చుక్క పెట్టేసింది. టేపు చూపించమని ఎవరడిగినా తెగిపోయిందని చెప్పింది. పుస్తకం ముగించిన రెండేళ్లకే క్లిఫ్ పోయాడు. అతని గొంతు మిగిలింది ఆ టేపులోనే. ఆ గొంతును పదిమంది ముందు పెట్టాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఇప్పుడూ నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. కానీ ఆ ముసలాయన మొహం చూశాక ఎలా ఊరుకుంటుంది?

“తప్పు ఆయనది కాదు, పుస్తకానిది” అంది.

“నీ పుస్తకంలో తప్పేంటి తల్లీ? ఆయన నొచ్చుకుంటాడని అంటున్నావు” అన్నాడు నెవిల్.

“టేపు తెగలేదు నెవిల్. మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఉండండి, తెస్తాను.”

ఇల్లు రెండు వీధుల అవతలే. కూరగాయల సంచిలో రికార్డరు పెట్టుకుని తిరిగొచ్చేసరికి, ఎవరూ కేకు ముట్టలేదు. మీట నొక్కింది. ఓడ హోరు. కుర్ర డెస్మండ్ గొంతు, ‘తలుపు తీసింది నేనే’. ఆ వెంటనే దగ్గు, పొడుగ్గా, లోపలంతా పెకలించుకొచ్చే దగ్గు. తర్వాత సంగీతం.

“ఆ దగ్గు కింద ఏముందో దేవుడికెరుక” అన్నాడు నెవిల్.

“ఇంకోసారి వెయ్యమ్మా” అన్నాడు డెస్మండ్.

వేసింది. ఈసారి కుర్రగొంతు ఆగిన చోట ముసలిగొంతు అందుకుంది. “అనుకోనీ. నువ్వింకా చిన్నదానివి, నీకు చాలా బతుకుంది.” ఆ మాటా దగ్గూ ఒక్కసారే ఆగాయి. సంగీతం లేచింది.

అక్కడే ఆపెయ్యాలనుకుంది ఎనిడ్. చెయ్యి రాలేదు.

“పాడుచేశానా ఎనిడ్?” అన్నాడు టేపులో క్లిఫ్.

“ఏం కాలేదులే. నేను కలిపేస్తాగా” అంది ఇరవయ్యారేళ్ల ఆడమనిషి.

ఎనిడ్ పాతికమంది ముందూ దాచుకోకుండా ఏడ్చింది. నెవిల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ముప్పై రెండు బొమ్మలు విసిరాం” అన్నాడు నిష్ఠూరంగా. “ఇప్పుడు మేం ఎవర్ని తిట్టుకోవాలి?”

“నన్నే తిట్టండి. అలవాటైపోయింది” అన్నాడు డెస్మండ్. ఆ తర్వాత ఎనిడ్‌తో, “ఆయన ఎవరమ్మా?” అన్నాడు.

“మా ఆయన. క్లిఫ్.”

“మా ఇద్దరికీ తాళం భలే కుదిరింది.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

పేజీ కొత్తగా అచ్చు వేయిద్దామన్నాడు నెవిల్. ఎనిడ్ వద్దంది. పెన్ను తీసి పాత పేజీ మీదే, అందరికీ కనబడేలా రాసింది: ‘ఇక్కడ క్లిఫ్ దగ్గాడు. నాకు వినపడలేదు. మాట డెస్మండ్ చెప్పాడు.’

“నాకూ ఒక ముక్క రాసివ్వమ్మా” అన్నాడు డెస్మండ్. “రేపు పొద్దుటికి ఇదంతా ఉంటుందో ఉండదో.”

ఆమె కాగితం అడిగి తీసుకుని, పెద్దపెద్ద అక్షరాలతో రాసి, ఆయన జేబులో తనే పెట్టింది: ‘డెస్మండ్, మీకు సరిగ్గానే గుర్తుంది. మర్చిపోయింది మేము.’