పంపు ఆలోచన నాది, పేరు మా తోడల్లుడిది

మొన్న పినపాక సెంటరులో టీ తాగుతుంటే ఎదురుగా కొత్త చిన్న ట్రాక్టర్ ఒకటి వచ్చి ఆగింది. దాని వెనక నూనె పైపులు తగిలించుకునే రెండు మూతులు, వాటికి రబ్బరు టోపీలు, సీటు పక్కన వాటిని నడిపే బుల్లి హ్యాండిల్ చూసేసరికి నా టీ చేతిలోనే చల్లారిపోయింది. ట్రాలీ తగిలించినా, ముందు మట్టి ఎత్తే బకెట్ తగిలించినా, పైపు టక్కున నొక్కితే చాలు, బండి తన నూనె బలంతోనే దాన్ని లేపుతుంది, దించుతుంది. ఆ బండి యజమాని మాత్రం వాటి వంక ఒక్కసారైనా చూడకుండా సమోసా తింటూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాడు. ఈపాటి సౌకర్యం కోసం ఒకప్పుడు మా అత్తవారింట్లో ఎంత హంగామా జరిగిందో, నా కడుపు ఎంత మండిందో అతనికేం తెలుసు? నా వయసువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, తోడల్లుడనే మనిషి మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాడు కనుక.

అప్పట్లో నేను మణుగూరులో ఒక ఎరువుల కొట్లో గుమాస్తాని. పదో తరగతితో చదువు ఆగిపోయినా కొట్టు మూయగానే నేరుగా గ్రంథాలయానికి వెళ్ళి, ఫ్యాన్ కింది కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడైనా సరే, నక్షత్రాల దగ్గర నుంచి నాటుకోళ్ళ జబ్బుల దాకా చేతికందినదల్లా చదివేవాణ్ణి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ బీరువాలు పెట్టినవే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా కాస్త గర్వం కూడా. మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, బొగ్గు గనుల వర్క్‌షాపులో పనిచేసేవాడు. మోటారు సైకిలు, నీలం యూనిఫారం, ఎదుటివాళ్ళను ఇట్టే నవ్వించే నోరు. అతను గుమ్మంలోకి రాగానే మా మామ మంచం మీంచి లేచి నిలబడేవాడు. నేను వస్తే కూర్చోవడానికి చోటిస్తున్నట్టు కాళ్ళు కాస్త పక్కకు జరిపేవాడు. ఇంతకంటే వివరంగా నా అసూయ గురించి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మామకు ఒక చిన్న ట్రాక్టర్ ఉండేది. ఎండాకాలంలో చెరువు మట్టి తెచ్చి మిరప చేలో పోయించేవాడు. పెద్ద ట్రాక్టర్లవాళ్ళ ట్రాలీలు వాటంతటవే లేచి మట్టి ఒంపేసి పోతుంటే, మామ ట్రాలీ మీదికి మాత్రం మనుషులెక్కి పారలతో లాగాల్సి వచ్చేది. ఆ బండిలో నాగలిని ఎత్తి దించే ఏర్పాటు తప్ప ఇంకేమీ లేదు. ఒక ఆదివారం భోజనాల దగ్గర మామ మా ఇద్దరి వంకా చూసి, "ఈ ట్రాలీని లేపినోడే నా అసలు అల్లుడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మా తోడల్లుడు ముందే దూకాడు. పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక జాకీ సంపాదించి ట్రాలీ కింద బిగించి, నాగలిని లేపే నూనెనే పైపుతో దానికి మళ్ళించాడు. చూడ్డానికి వాడకట్టంతా వచ్చింది. ట్రాలీ సగం లేచింది, అక్కడే ఆగింది. పైకి పోదు, అటు నాగలీ లేవదు. నవ్వు దాచుకోవడానికి నేను దగ్గు తెచ్చుకోవాల్సి వచ్చింది. అలా ఎందుకైందో నాకు తెలుసు, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో చదివి ఉన్నాను. చిన్న బండి కడుపులో నూనె కొంచెమే ఉంటుంది, జాకీ తాగేది చాలా ఎక్కువ. అందుకని నూనెకు వేరే ట్యాంకు, ఇంజిన్ బలంతో వెనక తిరిగే షాఫ్ట్‌కు వేరే పంపు, మధ్యలో ఒక వాల్వు, బరువు మితిమీరితే పైపు పగలకుండా నూనె వెనక్కి పోయే దారి ఉండాలి. ఇదంతా బొగ్గుముక్కతో ట్రాలీ పలక మీద గీసి చూపించాను.

"గీ పుస్తకాలతోటి ట్రాలీ లేస్తదా అన్నా?" అన్నాడు తోడల్లుడు.

"నీ స్పానర్లతోటి లేసిందా మరి?" అన్నాను.

మామ మీసం కింద నవ్వుకుని, "పెద్దల్లుడు చెప్పినట్టే చేసి చూడుర్రి, పోయేదేముంది" అన్నాడు. ఆ మాట నేనిప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాను.

నేను చెప్పాను, అతను బిగించాడు. స్పానర్ పట్టుకోవడం నాకు చేతకాదు. అంతా అయ్యాక హ్యాండిల్ లాగితే ట్రాలీ నిద్రలేచిన గేదెలా బరువుగా లేచింది, మట్టి మొత్తం ఒక్కసారిగా జారి చేలో పడింది.

మా చర్చి సంఘంలో ఏ కొత్త పనైనా ప్రార్థన చేయించాకే మొదలుపెడతారు. మర్నాడు పాస్టరు అయ్యగారు వచ్చారు. నేను ఉతికిన తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాను. అయ్యగారు బండి చుట్టూ తిరిగి చూసి, "ఈ పని చేసిన చేతులేవి?" అని అడిగారు. మా తోడల్లుడు అప్పుడే ఏదో నట్టు బిగించి లేచాడు, మోచేతుల దాకా గ్రీజు. అయ్యగారు ఆ రెండు చేతులూ పట్టుకుని పైకెత్తి, ఈ బిడ్డకు ఇంత జ్ఞానం ఇచ్చినందుకు స్తోత్రం అంటూ ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలో ఎవరు మాత్రం అడ్డుపడగలరు? అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తున్నాను. అందరూ ఆమెన్ అంటే నేను పెదవులు మాత్రం కదిపాను. కనీసం తరవాతైనా 'అన్న చెప్పిండు' అంటాడనుకున్నాను. "అంతా దేవుని కృప" అని తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ చుట్టుపక్కల దానికి 'చిన్నల్లుడి ట్రాలీ' అని పేరు స్థిరపడిపోయింది.

ఇంటికొచ్చాక నా భార్య, "గా తెల్లచొక్కా ఎవలేసుకోమన్నరు? మీరు గూడ చేతులకింత గ్రీజు పూసుకొని నిలబడితే అయిపోయేది గదా" అంది.

తరవాత మరో రైతు తన చిన్న బండికీ అలాగే చేసిపెట్టమని మా తోడల్లుడి దగ్గరికి వచ్చాడట. ఆ సాయంత్రం మా తోడల్లుడు గ్రంథాలయం గేటు దగ్గర మోటారు సైకిలు ఆపి నాకోసం కాచుకుని కూర్చున్నాడు. "అన్నా, గీ బండికి ట్యాంకు ఎంత పెద్దది పెట్టాలంటవ్?" పొమ్మనాల్సింది. అనలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి ట్యాంకు సంగతి, పంపు సంగతి, అడగని నక్షత్రాల సంగతి కూడా చెప్పాను. నేనేం చదువుతున్నానో మా ఇంట్లోగానీ కొట్లోగానీ ఎవరూ ఏనాడూ అడగలేదు. అతను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు. మర్నాడు వెళ్ళి నా మాటలతో ఆ బండి బాగుచేసి, పేరు తను తెచ్చుకున్నాడు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు అలాగే జరిగింది. ప్రతిసారీ నాకు మండేది, ప్రతిసారీ అతని మోటారు సైకిలు చప్పుడు కోసం చెవి అటే ఉండేది.

ఈమధ్య వాళ్ళ బంధువు ఎవరో పాత చిన్న ట్రాక్టర్‌కు ముందు బకెట్ పెట్టించుకోవాలంటున్నాడని మా తోడల్లుడు ఇంటికి వచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టంతా నెరిసిపోయింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని సర్దుకు కూర్చున్నాను. అతను ఫోన్ తీశాడు. "చూడన్నా, ఈయన ఎంత మంచిగ చెప్తుండో." అందులో ఎవరో టోపీ పెట్టుకున్న మనిషి వేరే ట్యాంకు, వేరే పంపు, నూనె వెనక్కి పోయే దారి అంటూ ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. ఇవన్నీ నేను ఆనాడే చెప్పాను గదా అన్నాను.

"అవ్ అన్నా, నువ్వు గూడ చెప్పినవ్" అన్నాడు, ఫోన్ మీంచి కళ్ళు తీయకుండా.

ఈ రోజుల్లో తెలుసుకోవడం ఎంత తేలికైందో మీకూ తెలుసు. ఎవరి గుమ్మం ముందూ కాచుకోనక్కర్లేదు, మంచిదే. కానీ ఆ కాలంలో నా పేరు ఎత్తుకుపోయినా మనిషి మాత్రం నా దగ్గరికే వచ్చేవాడు. ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి మాట చివరిదాకా వింటున్నాడు.