ఎక్సలేటర్‌లో ఉప్పు

మా అర్జునరావు బావకు నోరు అదుపులో ఉండేది కాదు. పోర్టు గోదాముల్లో బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసిన ముప్పై ఏళ్లలో ఒక్క తప్పు కూడా కప్పిపుచ్చలేదు. బండి ఎవరివల్ల చెడిందో వాళ్ల మొహం మీదే చెప్పేవాడు, ఇంజినీరుగారైనా సరే. అందుకే ప్రమోషన్ ఆయన గుమ్మం తొక్కలేదు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ నోరే వినాలనిపిస్తుంది.

రిటైరయ్యాక వన్ టౌన్‌లో నా రేడియో కొట్టు పక్కనే షెడ్డు వేశాడు. రెండు వేల ఎనిమిదిలో ఊళ్లోకి కరెంటు స్కూటర్లొచ్చాయి. మిగతా మెకానిక్కులు వాటిని చూసి మొహం చాటేస్తుంటే, బావకు పోయిన వయసు తిరిగొచ్చింది.

ఆ వేసవిలో ఓ పొద్దున సూర్యకళ తన స్కూటర్‌ను ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చింది. పోలియో కాలు. వెనక రెండు చిన్న చక్రాలు బిగించుకుని, ఆ బండి మీదే సీతమ్మధారలో కుట్టుపనికి వెళ్తుంది. వెంట తల్లి గురువమ్మ, చేపలమ్మే మనిషి. బండి కొని వారం కాలేదు. తాళం తిప్పితే దీపం వెలుగుతోంది గానీ కదలదు. మోటారును నడిపే కంట్రోలర్ పెట్టె పోయిందనీ, కొత్తది రావడానికి రెండు నెలలనీ షోరూము వాళ్లన్నారట.

"రెండ్నెల్లు ఎల్లకపోతే నా మిసను ఇంకొకలకి ఇచ్చెత్తారు" అంది సూర్యకళ.

బావ మీటరు పెట్టాడు. ఎక్సలేటర్ పిడి తిప్పనప్పుడు పెట్టెకు ఒక వోల్టు అందాలి. రెండున్నర అందుతోంది.

"పెట్టె బాగానే ఉందమ్మా. ఎవలో పిడి తిప్పేసి కూకున్నారనుకుంతంది. తాళం తిప్పగానే బండి దూకేత్తాదని అదే ఆపేత్తంది."

పిడి విప్పితే తీగల కొనల దగ్గర తెల్లగా పొక్కు కట్టింది. వేలితో గీకి నాలుకకు రాసుకున్నాడు. "దీనికి సముద్రం నీల్లు ఎవలు..." అని మొదలెట్టాడు. గురువమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిడికి ఇంకా అంటుకునున్న పసుపు చూసి నాకర్థమైంది. కొత్త తెప్పకు చేసినట్టే బండికీ పసుపు రాసి, చెంబుతో సముద్రం నీళ్లు పోసి గంగమ్మకు మొక్కింది. ఇక బావ ఆమెను కడిగేస్తాడని నేను తల దించుకున్నాను.

"ఉప్పుగాలి" అన్నాడు బావ. "మనూర్లో దేన్నీ ఒగ్గదు."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఆయన స్పిరిట్‌తో తుడిచి, ఎండలో ఆరబెట్టి, గ్రీజు పట్టించి బిగించాడు. మీటరు ఒకటికి దిగింది. సూర్యకళ వీధి చివరిదాకా నడిపి చూసి, అటునుంచటే పనికి వెళ్లిపోయింది.

గురువమ్మ మాత్రం కదల్లేదు.

"గాలి కాదు బాబూ, నానే పోసినాను. సిన్నప్పుడు దానికి పోలియో సుక్కలు ఏయించనేదు. ఇప్పుడు మల్లీ నానే దాని కాల్లు తీసేసినాననుకున్నాను."

బావ మీటరు తీగలు చుట్టిందే చుట్టాడు. చివరికి, "ఎల్లింది గదమ్మా. ఎనక్కి సూడకుండా ఎల్లింది" అన్నాడు.

ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.