నర్సయ్య బాబాయి తిరిగి ఇచ్చిన పాటలు

మొన్న ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే నాలుగు చినుకులు పడ్డాయి. షార్జాలో వాన ఏడాదికి ఏ రెండు మూడు సార్లో పలకరిస్తుంది. మేముండే అల్ నహ్దాలో జనమంతా బాల్కనీల్లోకి వచ్చి చేతులు చాచారు. నేను మాత్రం కింద పార్కింగ్‌లో కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తడిసిన సిమెంటు వాసన, దానితోపాటు ఏ మూలనుంచో నానిన అట్టపెట్టె వాసన. ఆ రెండూ కలిస్తే నాకు నర్సయ్య బాబాయి గుర్తుకొస్తాడు.

ఆయన మా తొమ్మిదంతస్తుల భవనానికి వాచ్‌మన్‌గా ఉండేవాడు. జగిత్యాల వైపు పల్లె. ముప్పై ఏళ్ల కిందట కట్టుబడి పనికి దుబాయ్ వచ్చి, మోకాళ్లు మొరాయించాక ఈ కొలువులో కుదురుకున్నాడు. నాది రాజమండ్రి. జెబెల్ అలీలో ఒక కంపెనీ కంప్యూటర్ల విభాగంలో పని. ఏ సమాచారమూ పోకుండా నకళ్లు తీసి భద్రపరచడం నా ఉద్యోగం. కరోనా సద్దుమణుగుతున్న రోజుల్లో మేము ఆ భవనానికి మారాం. సామాను సర్దుతూ, కాలేజీ రోజులనుంచి మోసుకొస్తున్న సీడీల పెట్టెను చెత్తగదిలో పెట్టేశాను. మర్నాడు నర్సయ్య ఆ పెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, గివి పొరపాటున పడేసిండ్రా?"

"పొరపాటు కాదండీ. పాటలన్నీ ఫోన్‌లోనే వస్తున్నాయి కదా. వినడానికి ఇంట్లో మిషను కూడా లేదు."

"అయితె నేను పెట్టుకుంట. మీ పేరు, ఊరు జెప్పుండ్రి."

పేరెందుకని అడిగాను. "ఎవలి పాటో తెల్వాలె గద," అన్నాడు. పాట పాడినవాళ్లదో, రాసినవాళ్లదో అవుతుంది గాని నాదెలా అవుతుందనుకున్నాను. అయినా చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి, పెట్టె మీద గుండ్రటి అక్షరాలతో "పద్మజ, రాజమండ్రి" అని రాసుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత తాళంచెవి ఆఫీసులో మరిచిపోయి, మా ఆయన వచ్చేదాకా బాబాయి గదిలో కూర్చోవలసి వచ్చింది. గోడ మీది అరలో టేప్ రికార్డర్, ఇనుప మంచం, దాని కింద మూడు ట్రంకుపెట్టెలు. వాటి నిండా క్యాసెట్లు, సీడీలు. ప్రతిదాని మీదా ఒక పేరు, ఒక ఊరు. అవన్నీ దుబాయ్ వదిలి ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఇచ్చినవట.

"నాలుగు దినాల చుట్టీకి పోయేటోళ్లు గాదు బిడ్డా, కొలువు ఖలాస్ జేస్కొని పోయేటోళ్లు," అన్నాడు. "ఇమానంల ముప్పై కిలోలె గద. పోరగాండ్లకు బొమ్మలు, పెండ్లానికి చీరలు, దుప్పట్లు. ఆఖర్కి పాటలు బరువైతయి. నర్సన్నా, గివి నీ దగ్గర ఉండనీ అని ఇచ్చి పోయిండ్రు."

నాకు వాదన తోచింది. ఒక్కో సీడీ పేరు చదివి, ఆ పాటను ఫోన్‌లో వెతికి వినిపించాను. సినిమా పాటలన్నీ దొరికాయి. బాబాయి మురిసిపోయాడు. "మస్తు సాఫ్‌గ ఇనవడుతున్నది!" అన్నాడు. తర్వాత ఒక క్యాసెట్ చేతికిచ్చి, "గిది దేవులాడు," అన్నాడు. ఏదో పల్లెలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడుకున్న బతుకమ్మ పాటలు. అది ఎక్కడా లేదు. ఆయన గెలిచినట్టు నవ్వలేదు.

"ఫోన్‌ల పాట మంచిదే బిడ్డా, నేనూ ఇంట. గని గిది అల్ వర్సాన్ లేబర్ క్యాంపుల ఎంకటి రొట్టెలు జేస్కుంట ఇన్న పాట. ఎంకటి ముచ్చట ఫోన్‌ల యాడ దొరుకుతది?"

అప్పటినుంచి సెలవుల్లో మధ్యాహ్నం పూట ఒక అరగంట అక్కడికి వెళ్లేదాన్ని. ఆయనది ఒకటే షరతు. క్యాసెట్ పెడితే ఆ పక్క అయిపోయేదాకా కూర్చోవాలి. పది సెకన్లు విని నచ్చకపోతే దాటేయడం నాకు అలవాటు. వేలు మీటమీదికి పోతే చాలు, "ఆగు బిడ్డా, పాట జర నిమ్మళంగ లేస్తది," అనేవాడు. నిజంగానే కొన్ని పాటలు మూడో చరణంలో లేచేవి. నేను జీవితంలో ఎన్ని పాటల మూడో చరణాలు వినలేదో అక్కడే తెలిసింది.

ఆ తర్వాత ఒక ఏప్రిల్‌లో, ఈ దేశంలో ఎవరూ చూడనంత వాన కురిసింది. తెల్లవారేసరికి మా వీధి చెరువైంది. కరెంటు పోయింది, లిఫ్ట్ ఆగింది, కుళాయిలు ఎండిపోయాయి. మధ్యాహ్నానికి మా ఫోన్లలో ఛార్జింగ్ కూడా అయిపోయింది. నేను మెట్లు దిగి వెళ్లేసరికి బాబాయి నడుములోతు నీళ్లలో తన గది ముందు నిలబడి ఉన్నాడు. మంచం మునిగిపోయింది. దాని కింద ట్రంకులు.

"ముందు మీ గది చూసుకోవాల్సింది కదా, బాబాయ్!" అన్నాను.

"ఏడో అంతస్తు ముసలాయనకు ఊపిరి మిషన్ బందైంది బిడ్డా. ముందుగాల ఆయనను దించాలె గద."

మరో ముగ్గురితో కలిసి ఆ పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీదుగా దించి, సహాయానికొచ్చిన పడవ ఎక్కించి ఆస్పత్రికి పంపాడట. ఆ రెండు గంటల్లోనే గది మునిగింది. పోతే పోయాయి, చాలామటుకు ఫోన్‌లో దొరుకుతాయి అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

గోడ మీది అరలో ఉన్న టేప్ రికార్డర్, అందులో ఉండిపోయిన ఒక్క క్యాసెట్ మాత్రం తడవలేదు. నాలుగో రోజుకు కూడా కరెంటు రాలేదు. సాయంత్రం పూట అందరం నాలుగో అంతస్తు మెట్ల దగ్గర చేరాం. పిల్లలు విసిగిపోయి ఏడుస్తున్నారు. నీళ్ల డబ్బాలు మోసి అలిసిపోయిన బాబాయి టార్చిలైట్ బ్యాటరీలు తీసి రికార్డర్‌లో వేసి, మీట నొక్కాడు. ఎవరి పెళ్లిలోనో వాయించిన సన్నాయి. మలయాళీ నర్సు, పాకిస్తానీ డ్రైవరు, మేము, అందరం ఆ పక్క అయిపోయేదాకా కూర్చున్నాం. తిప్పి పెట్టమని పిల్లలే అడిగారు.

నీళ్లు తగ్గి కుళాయిలు వచ్చాక ట్రంకులు మా ఇంటికి చేర్చాం. బాబాయి నాకు పని నేర్పాడు. చిన్న మరలు విప్పి, బురద కడిగి, రీళ్లను తువ్వాళ్ల మీద ఆరబెట్టి, పెన్సిల్‌తో మెల్లగా చుట్టాలి. ఇరుగుపొరుగు కూడా తలో దోసెడు పట్టుకెళ్లి ఆరబెట్టి తెచ్చారు. కొన్ని పోయాయి. చాలామటుకు పలికాయి. కానీ పెన్నుతో రాసిన పేర్లన్నీ అలుక్కుపోయాయి. పాటలు దక్కినా పేర్లు పోయాయే అని నాకు ఏడుపొచ్చింది.

బాబాయి ఒక్కొక్కటే పెట్టి విన్నాడు. "గిది గంగారాంది. గీడ టేపు నలిగింది, సూడు, గొంతు వణుకుతది." మరొకటి పెట్టగానే, "గిది రాజేశంది. పాట నడుమ దగ్గుతడు." అలా రెండు నెలలు. ఆయన చెబుతుంటే నేను చెరగని సిరాతో రాశాను. పాట బాగా వినిపించకుండా చేసిన గీతలూ గరగరలే ఆయనకు చిరునామాలు.

మరుసటేడు బాబాయి కూడా ఇంటికి బయలుదేరాడు. ఇవన్నీ ఎవరికిస్తారని అడిగాను.

"ఎవలియి వాళ్లకే ఇస్త. అందరు గా దిక్కే ఉన్నరు గద," అన్నాడు.

ఓడ సరుకులో మూడు పెట్టెలు పంపించాడు. ఇప్పుడు మోపెడ్ మీద ఊరూరూ తిరిగి ఇస్తున్నాడు. ఇంట్లో క్యాసెట్ మిషన్ లేదన్నవాళ్ల అరుగుమీద తన రికార్డర్ పెట్టి వినిపిస్తున్నాడు. అప్పుడప్పుడు వీడియో పంపుతాడు. ఒకదానిలో వెంకటి తన మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాటకు తగ్గట్టు మోకాలి మీద చప్పుడు చేస్తున్నాడు.

ఒక్క క్యాసెట్ మాత్రం ఎవరిదో బాబాయికి గుర్తుకు రాలేదు. ఒక మగగొంతు, పక్కన ఒక డప్పు. "నీ దగ్గర ఉండనీ బిడ్డా. దొరికిన్నాడు ఇద్దువు," అని నాకిచ్చి వెళ్లాడు. దానికోసం పాత మిషనొకటి కొన్నాను. ఒకప్పుడు కంపెనీ గోదాముల్లో మనుషుల్ని బ్యాడ్జి నంబర్లతోనే ఎరిగినదాన్ని. ఇప్పుడు తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆగి, ఏ ఊరని అడుగుతున్నాను. భోజనాల వేళ వీలున్నవాళ్లకు ఆ క్యాసెట్ వినిపిస్తున్నాను.

పోయిన వారం నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు మల్లేశ్, అన్నం డబ్బా మూత కూడా తీయకుండా కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. టేపు ఆగగానే అడిగాను.

"ఎవరో తెలుసా మల్లేశ్?"

"గొంతు ఎర్కలేదు మేడం. గని మా దిక్కు దరువే," అన్నాడు. ఫోన్ తీస్తూ, "మా పెదనాయినకు ఎర్కుండొచ్చు. ఫోన్ జేస్త, మల్ల ఒక్కపారి పెట్టుండ్రి," అన్నాడు.

టేపు మొదటికి తిప్పాను. అతను ఫోన్‌ను మిషను దగ్గరగా పట్టుకున్నాడు.