ఫోన్‌కి ఇచ్చిన స్మైల్

ఆ రోజుల్లో రావులపాలెంలో నా అద్దె గదిలో ఉన్నవి ఇవి: మడత మంచం ఒకటి, ఇండక్షన్ స్టవ్ ఒకటి (దాని మీద రోజూ ఉప్మాయే), పనిముట్ల సంచీ ఒకటి, మనిషి ఒక్కడు. డిప్లొమా పూర్తి చేసి, అరటిపళ్ళు మగ్గబెట్టే చల్లగదుల మిషన్లు చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. రోజంతా నాతో మాట్లాడేవి మీటర్లే (అవీ అంకెల్లోనే). స్మైల్ అన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. ఫొటో స్టూడియోలో ప్లీజ్ చేర్చి అడిగేవారు. కాలేజీలో ఎవరో అమ్మాయి ఎవరికో ఇచ్చిందని చెప్పుకునేవాళ్ళం (నాకు కాదు). అది లేకపోతే ఉద్యోగం ఊడుతుందని మాత్రం అక్కడే తెలిసింది. నాలుగో నెలలో మా కంపెనీ సంతకాల పుస్తకం తీసేసి హాజరు యాప్ పెట్టింది. ఉదయం తొమ్మిదిలోపు ఫోన్ ముందు మొహం పెడితే తెర మీద ‘స్మైల్’ అని వచ్చేది. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, మనిషేనని దానికి నమ్మకం కుదరాలట. నవ్వితే ఫొటో తీసి ఫోన్‌లో దాచేది, అప్పుడే హాజరు. ట్రైనింగులో మూడు గైర్హాజర్లు పడితే ఇంటికే. నాకు అప్పటికే రెండు పడ్డాయి, రెండు రోజులూ పనిలో ఉండగానే.

మూడో రోజు, సిగ్నల్ కోసం బయటికొచ్చి, మార్కెట్లో గెలల మధ్య నిలబడి, పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. పెదవులు సాగదీశాను, ఒప్పుకోలేదు. పై పళ్ళు ఆరు చూపించాను, ఒప్పుకోలేదు. ఎనిమిది చేశాను. అమ్ముడైన గెలల కాడలకు రంగు గీత పెట్టే పిన్నిగారు (మార్కెట్టంతటికీ ఆవిడ పిన్నే) కుంచె ఆపి చూశారు.

“ఏంటండీ మిషను బాబూ, పంటిపోటా?”

“కాదండీ, స్మైల్ ఇస్తున్నానండి.”

“ఎవరికండీ?”

“ఫోన్‌కండి. ఇవ్వకపోతే ఉద్యోగం పోద్దండి.”

“ఓరి నాయనో! నాలుగు నెల్ల నుంచి మా మధ్యలోంచే తల దించుకుని ఎల్తన్నారు. మాకెప్పుడైనా ఒకటిచ్చారా?”

గెల భుజాన పెట్టుకున్న ఒకాయన ఆగి, “అది స్మైలేంటే పిన్నీ, ఆవదం తాగిన మొహం!” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఫోన్ టింగుమంది. ఎనిమిది యాభై తొమ్మిది.

మర్నాటి నుంచి ఆ వేళకి నా పక్కకొచ్చి, “మళ్ళీ ఉప్మాయేనా బాబూ?” అని అడగడం ఆవిడ పనుల్లో ఒకటైంది. ఉద్యోగం ఖాయమైంది, వెంటనే వేరే ఊరికి బదిలీ కూడా. ఇక్కడ వేలిముద్ర చాలు, నవ్వమని ఎవరూ అడగరు. అప్పుడప్పుడూ ఆ పాత ఫొటోలు తీసి చూసుకుంటాను. అంత జాగ్రత్తగా పళ్ళు లెక్కపెట్టుకున్న ఆ కుర్రాడికి, ఆవిడ పేరేంటో అడగాలని ఒక్కరోజూ తోచలేదు. ఫొటోలు మొత్తం యాభై రెండు. ఆవిడ భుజం పడినవి పదకొండు.