గంధం లేని చెయ్యి

తెలియని సంగతిని విద్యార్థుల ముందు తెలియదని ఒప్పుకోవడం నాకు చాలాకాలం చేతకాలేదు. కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. నిజానికి డిక్టేషన్ ఇచ్చేవాణ్ణి. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేసిన ఆ రోజుల్లో సిలబస్‌లో కొత్త పాఠం ఒకటి చేరింది. వైరస్ కణంలోకి చొరబడ్డప్పుడు దాని ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని హెచ్చరిక పంపే ప్రోటీన్ల గురించి. ఎవరో ఇచ్చిన జిరాక్సు కాగితాలు చూసి చదివేస్తున్నాను. మొదటి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. చేపల రేవు దగ్గర్నుంచి బస్సులో వచ్చే పిల్ల.

"సార్, కణంలో దాని సొంత ఆర్‌ఎన్‌ఏ కూడా బోలెడుంటది కదండీ. ఇది మనది, ఇది వైరస్‌ది అని ఆ ప్రోటీన్‌కి ఎలా తెలుస్తుందండీ?"

నాకు తెలియదు. "ప్రోటీన్‌కి తెలుసులేమ్మా. పరీక్షలో నీకు తెలిస్తే చాలు," అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుంది కూడా.

సాయంత్రం ఆమె స్టాఫ్‌రూముకు వచ్చింది. ఈ పాఠం మీదే తను సెమినార్ ఇవ్వాలి. "మార్చుకుంటానండి. విటమిన్ల మీద చెప్తాను. అదైతే ఎవరూ నవ్వరు," అంది. సరేనన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా క్లాసులో ప్రశ్న అడిగే నోరు అదొక్కటే. దాన్ని నేనే మూయించాను.

ఆ ఆదివారం పాలకొల్లులో మా ఆవిడ పిన్నిగారి అమ్మాయి పెళ్ళి. ఆవిడ ముందుగానే వెళ్ళింది. ముందు రోడ్డు మేళాలతో నిండిపోయిందని ఆటో అతను నన్ను వెనక సందులో దింపేశాడు. గోడకు అటొకటి, ఇటొకటి కల్యాణ మండపాలు. పనసపొట్టు కూర వాసన వస్తున్న గుమ్మంలోకి, ఎవరినీ అడగక్కర్లేదన్న ధీమాతో నడిచి వెళ్ళిపోయాను.

వెళ్ళగానే ఆకు ముందు కూర్చోబెట్టారు. ఆడపెళ్ళివారు నన్ను మగపెళ్ళివారి మనిషనుకుని, "అయ్యో, ఇంకో బూరె వేయించుకోండి" అని బతిమాలారు. మగపెళ్ళివారు నన్ను ఆడపెళ్ళివారి మనిషనుకుని, చెయ్యి కడుక్కుని రాగానే "బావగారూ, కాస్త ఈ నెయ్యి అందుకోండి" అని గిన్నె చేతికిచ్చారు. నేనూ హుషారుగా వడ్డన మొదలుపెట్టాను. పంక్తి మధ్యలో ఉండగా జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"పంక్తిలో నెయ్యి వడ్డిస్తున్నాను."

"నేనూ పంక్తిలోనే కూర్చున్నాను. నెయ్యీ రాలేదు, మీరూ రాలేదు!"

నా ఎదుట భోంచేస్తున్న పెద్దావిడ పకపకా నవ్వింది. పెళ్ళికూతురి నాయనమ్మట. "నీది పక్క పెళ్ళి కదూ బాబూ?"

"మీకెలా తెలుసండీ?"

"వీధి గుమ్మంలోంచి వచ్చిన ప్రతివాళ్ళకీ మా పిల్లలు ముంజేతికి గంధం రాశారు. నీ చెయ్యి బోడిగా ఉంది. నెయ్యి వంచినప్పుడే చూశాను."

"మరి అడగలేదేమండీ?"

"అన్నానికి కూర్చున్నవాణ్ణి ఎవరి తాలూకని అడుగుతామా నాయనా? ఆయ్, గిన్నె ఆపకు. ఈ వరస కానిచ్చి వెళ్ళు."

పందిరంతా నవ్వుతుండగా ఆ వరస కానిచ్చాను. చివరి ఆకు దగ్గర గరిటె చేతిలోనే ఆగిపోయింది. కణం సొంత ఆర్‌ఎన్‌ఏ పుట్టేది కేంద్రకంలో. అక్కడినుంచి బయటికొచ్చేలోపే దాని కొసకు ఒక రసాయనపు టోపీ పడుతుంది. చాలా వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం గడప తొక్కకుండా బయటే తయారవుతుంది. వాటిలో కొన్నిటికి టోపీ ఉండదు. ఆ బోడి కొసనే ప్రోటీన్ పట్టుకుంటుంది. కాకపోతే దానికి మా గోదావరి మర్యాదలు తెలియవు. పట్టుకున్న మరుక్షణం గోలపెట్టి, చుట్టుపక్కల కణాలను కూడా లేపుతుంది. టోపీ గురించి ఒక పాఠంలో, బోడి కొస గురించి ఇంకో పాఠంలో నేనే డిక్టేషన్ ఇచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. చూడమని అడిగిన పిల్లను నవ్వులపాలు చేశాను.

మర్నాడు క్లాసులో ఈ పెళ్ళి కథంతా, గంధాన్ని ఆ టోపీతో పోల్చి చెప్పాను. ఈసారి క్లాసు నవ్వింది నన్ను చూసి. నవ్వులు ఆగాక ఆ అమ్మాయితో, "ఆ రోజు నాకు తెలియక నీ నోరు మూయించానమ్మా. తప్పు నాది. సెమినార్ మార్చుకోకు," అన్నాను.

ఆమె మెల్లగా లేచింది. "మరి సార్, వైరస్ పక్కవాడి చేతి గంధం దొంగిలించి తను రాసుకుంటేనండీ?"

"నాకు తెలియదమ్మా," అన్నాను. ఇంత తేలికైన మాటను అన్నేళ్ళు ఎందుకు మోశానో!

ఫ్లూ వైరస్ అచ్చం ఆ పనే చేస్తుందని, కణం ఆర్‌ఎన్‌ఏ టోపీని కత్తిరించి తను పెట్టుకుంటుందని, లైబ్రరీలో తనే వెతికి పట్టుకుంది. సెమినార్ రోజున డయాస్ ఎక్కి, "ఈ ప్రశ్న మా సార్‌ని అడిగితే తెలీదన్నారండి. అందుకే నేను చెప్పాల్సొస్తోంది," అని మొదలుపెట్టింది. హాలంతా నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.